నవంబర్లో గుడ్లు

డిసెంబరు. మధ్యాహ్నం రెండింటికే
కొండ తన నీడని సముద్రంలో ముంచేసింది.
ఫారో దీవుల్లో వెలుగు కూడా కొలిచి పోసే సరుకే.
టోర్షావ్న్ నుంచి పడవెక్కి వచ్చిన నర్సు రన్వా
వంటింటి బల్ల మీద వెడల్పాటి కాగితం పరిచి
చుట్టుకుపోకుండా మా చేపల కత్తిని బరువు పెట్టింది.
మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి సున్నా.
జబ్బు పడ్డవాళ్ళని పెన్సిల్‌తో నింపాలి.

మా తాత డాన్యల్.
రాత్రన్నదే రాని జూన్ వారాల్లో
ఏడుసార్లు పడవకి రంగేశాడు.
లేని గొర్రెల్ని అమ్మి
ఆ డబ్బు ఊరందరికీ పంచాడు.
నానమ్మ మాత్రం ఆ నెలని తల్చుకుని
"అంత బాగా ఎప్పుడూ పాడలేదు" అనేది.
నింపు.

తాత చెల్లెలు మాలన్.
ఛాతీ జబ్బని చెప్పారు.
రెండు చలికాలాలు గోడవైపు తిరిగి పడుకుంది.
ఛాతీలో ఏముందో ఏ డాక్టరుకీ దొరకలేదు.
పెన్సిల్ కాసేపు గాలిలో ఆగింది.

తాత అన్న యోకుప్.
చర్చి రిజిస్టర్లో ఒక్క వాక్యం:
పక్షి గుడ్ల కోసం వెళ్ళి కొండ అంచున జారిపోయాడు.
"ఏ నెల?" అలవాటుగా అడిగింది రన్వా.
నవంబరు, అన్నాను.
అన్నాక, నా మాట నేనే విన్నాను.

నవంబర్లో గుడ్లుండవు.
నలభై ఏళ్ళుగా ఆ వాక్యం చదువుతున్నాను.
బడిలో పిల్లలకి నెలల పేర్లు నేర్పేది నేనే.
చర్చి మట్టిలో అతనికింత చోటు దక్కాలని
ఆ నవంబర్లో కొండ మీద గుడ్లు పెట్టింది
పాదిరిగారు.

ఇంతలో తమ్ముడు హోగ్నీ బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చాడు.
పొద్దుట్నించీ మూడో గ్లాసు.
వాడు మింగే లిథియం, అదీ ఒక ఉప్పే.
ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు.
వాడి విషయంలో ఆ మాట అక్షరాలా అంతే.
చెయ్యి వణికి గ్లాసు పళ్ళకి టకటకా తగిలింది.
"నాది ముదురుగా దిద్దండి,
దూరం నుంచైనా కనబడాలి" అన్నాడు.

వాడి కూతురు సున్వా, పదహారేళ్ళది, నవ్వలేదు.
"అయితే ఆ జన్యువు ఏది?"

ఒకటి కాదమ్మా, అంది రన్వా.
ఒకటే అయితే పేరు పెట్టి తిట్టుకునేవాళ్ళం.
వందలు, వేలు. ఏ ఒక్కటీ ఆవగింజంత బరువు కూడా ఉండదు.
వాటిలో కొన్ని నాలోనూ ఉంటాయి, పాదిరిగారిలోనూ.
అన్నీ ఒకవైపు చేరితే తక్కెడ కాస్త మొగ్గుతుంది.
మొగ్గినదల్లా పడదు.
పైన ఏం వచ్చి పడుతుందో, ఒక చావో, నిద్రలేని వారమో,
దాన్ని ఈ గొట్టంలో పట్టుకెళ్ళలేను.

సున్వా ఏమీ అనలేదు. కాగితం మీది కత్తి తీసుకుని
బయటికి పోయింది. కాగితం అంచు లేచి వణికింది.

రబ్బరు పట్టీ కట్టి నా నెత్తురు తీశారు.
వెచ్చగా ఉంది గొట్టం.
పుట్టినప్పుడు ఊయల చుట్టూ మూగి
ఎవరి పోలిక, ఎవరి పోలిక అన్నారట.
ముక్కు తాతదని ఒకరు, గడ్డం అత్తదని ఒకరు
పంచుకున్నారట. ఇది నాదని
ఎవరూ చెయ్యెత్తనిది వేలెడంత గాజులో ఉంది.

"మరి మీరు?"
బాగానే ఉన్నాను, అన్నాను.

ముప్పై రెండో ఏట, అమ్మ పోయిన వేసవిలో,
తొమ్మిది రాత్రులు కన్ను మూయకుండా
బడిలోని లెక్కల పుస్తకాలన్నీ ఎర్రసిరాతో దిద్దాను.
దేవుడు ఒకచోట కూడిక తప్పాడని,
అది నాకొక్కదానికే దొరికిందని.
వాటిని పొయ్యిలో వేసింది హోగ్నీ.
ఇరవయ్యేళ్ళ కుర్రాడు, ఎవరికీ చెప్పలేదు.

వాడిప్పుడు నావైపు చూడకుండా
నాలుగో గ్లాసు నింపుకుంటున్నాడు.

కిటికీ అవతల టార్చి వెలుగు.
తాత పడవని సున్వా కత్తితో గోకుతోంది.
"అత్తా! ఏడు కాదు, ఎనిమిది పొరలు!
అన్నిటికంటే అడుగున పసుపు!"

ఆ పసుపు తాత వేసింది కాదు.
ఆయన పుట్టకముందుది.

నా సున్నా ఇంకా తెల్లగా ఉంది.
పెన్సిల్ ఒకసారి ఇలా ఇమ్మన్నాను.